అంజిగాని పుట్టెంట్రుకలు, ఒక కార్జం ముక్క

18 సెప్టెంబర్ 2011, ఆదివారం. జగిత్యాల

ప్రకటన!

జగిత్యాల పట్టణమందు సమ్మవ్వ గారి ఒకటిన్నర గది సంస్థానంలో నేటి సాయంత్రం నుండి అమలులోకి వచ్చిన శాసనములు. నీలిరంగు ప్లాస్టిక్ మగ్గును స్నానానికి తీసుకుపోయినవారు తిరిగి నీళ్ల గోలెం మూత మీదనే బోర్లించవలెను. గోడకు ఆనించిన పీట సమ్మవ్వ గారి బీడీల చాటకు మాత్రమే చెందును. అల్లుడైనా సరే దాని మీద కూర్చున్నచో తునికాకు కత్తెరతో సన్మానింపబడును. ఫ్యాను కింది జాగా పిల్లలది. కరెంటు లేనప్పుడు అది ఎవరిదైనా ఒకటే గనుక నాది.

ఇట్లు, కొమురయ్య, ఏడో తరగతి ఫెయిలు, మరమగ్గాల కార్మికుడు, సిరిసిల్ల.

ఇది స్రవంతి లెక్కల నోటుబుక్కు. ముందు నుంచి నా బిడ్డ రాస్తుంది, వెనక నుంచి నేను రాస్తాను. బడి బంద్ కాబట్టి దాని వైపు పెరగదు. నాకు మగ్గం లేదు, మిత్రులు లేరు, ఏడిపించడానికి మనిషి లేడు. రాయకపోతే ఏం చేయాలి?

సిరిసిల్ల నుంచి చివరి బస్సులో వచ్చాం, నా భార్య సత్యవ్వ చిన్నమ్మ సమ్మవ్వ ఇంటికి. సకల జనుల సమ్మెలో రేపటి నుంచి ఆర్టీసీ కూడా కలుస్తుందని తెలిసి సత్యవ్వ నిన్ననే మూటలు కట్టింది. మా కొడుకు అంజిగానికి అక్టోబర్ 17తో మూడేళ్లు నిండుతాయి. ఆలోపు కొండగట్టు అంజన్నకు వాని పుట్టెంట్రుకలు ఇవ్వాలి. తప్పితే మళ్లీ ఐదో ఏటనే. వానికి ఇంకా ఒక్క మాట రాలేదు. నెత్తి మీద జడ వేసేంత జుట్టు, నోట్లో మాట మాత్రం లేదు. వెంట్రుకలు దేవునికి చేరితేనే నోరు తెరుచుకుంటుందని సత్యవ్వ నమ్మకం. మొదటి కత్తెర పెట్టవలసింది మేనమామ, పిల్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకొని.

మేనమామ అంటే సత్యవ్వ తమ్ముడు బుచ్చన్న. కోరుట్లలో సైకిలు దుకాణం. నాలుగేళ్లుగా మా గడప తొక్కలేదు. అంజిగాని మొహమే చూడలేదు. అయితే మొన్న బుధవారం ఫోన్ చేశాడు. "బావా, అక్కను పిల్లలను తీసుకొని జగిత్యాలకు రాండ్రి, పెత్రమాస దాటినంక నేనొస్త" అన్నాడు. ఆ మాట చెప్పగానే సత్యవ్వ పొయ్యి ముందు కూర్చొని ఏడ్చింది. తర్వాత నాకు రెండు గుడ్లు ఉడకబెట్టింది.

19 సెప్టెంబర్, సోమవారం

బస్సులు బంద్. బుచ్చన్న రాలేడు. ఇందులో నా తప్పేమీ లేదు.

21 సెప్టెంబర్, బుధవారం

పక్కింటి బాబా మియాకు ఆటో ఉంది. సమ్మె కాబట్టి దాని మీద గోనెపట్టా కప్పి, పెళ్లికొడుకును చూసుకున్నట్టు రోజుకు మూడుసార్లు పట్టా ఎత్తి చూసుకుంటాడు. వాళ్లింట్లో మూలకు పడి ఉన్న చిన్న సైకిలు అడిగి తెచ్చి స్రవంతిని కరీంనగర్ రోడ్డు మీదికి తీసుకుపోయాను.

ఎంత రోడ్డు! లారీ లేదు, బస్సు లేదు, హారన్ లేదు. నడి రోడ్డు మీద బర్రెలు పడుకొని ఉన్నాయి. నలభై ఆరేళ్లలో ఇంత ఖాళీ రోడ్డు నేనెప్పుడూ చూడలేదు. స్రవంతి సీటు పట్టుకొని పరుగెత్తాను.

"డాడీ, ఇడ్వకు! ఇడ్వకు!"

"ఇడ్వలేదు బిడ్డా, పట్టుకొనే ఉన్న."

అప్పటికి యాభై గజాల వెనక నిలబడి బీడీ ముట్టించుకుంటున్నాను. నా గొంతు దూరం నుంచి వస్తోందని దానికి అర్థమైంది. వెనక్కి చూసింది, బర్రెల మధ్య పడింది. మోకాలు చీరుకుంది. లేచి వచ్చి నా కడుపులో ఒక గుద్దు గుద్దింది.

"నువ్వెప్పుడూ గట్లనే! అబద్ధాలకోరు!"

కానీ వచ్చింది సైకిలు. ఎనిమిదేళ్లకే జాతీయ రహదారి మీద నేర్చుకుంది. ఇంటికొచ్చి సమ్మవ్వకు, సత్యవ్వకు, గోడకు, మేకకు చెప్పింది. సత్యవ్వ దాని మోకాలుకు పసుపు అద్దుతూ నా వైపు చూసి, "తమ్ముడు ఫోన్ చేసిండా?" అంది.

చేశాడన్నాను. రోడ్డు తెరుచుకోగానే వస్తాడట.

22 సెప్టెంబర్, గురువారం

తోచలేదు. వాకిట్లో ఆడవాళ్లు పదిమంది చాటలు ముందేసుకొని బీడీలు చుడుతున్నారు. నేను వీధి మొదట్లో నిలబడి గట్టిగా, "బస్సచ్చింది! ఆడోళ్లకు ఒక్క బస్సు ఇడిసిండ్రు! కోరుట్ల దిక్కు పోతదట!" అని కేక వేశాను.

చాటలు ఎగిరాయి. తంబాకు గాలికి లేచింది. నేను కడుపు పట్టుకొని నవ్వడానికి సిద్ధమవుతున్నాను. అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది సత్యవ్వ. చంకలో అంజిగాడు, చేతిలో మూట, చెప్పులు లేవు. నా పక్కనుంచే పోయింది, నన్ను చూడలేదు. రోడ్డు దాకా పోయి అటూ ఇటూ చూసింది. అక్కడ బర్రెలున్నాయి.

23 సెప్టెంబర్, శుక్రవారం

ఇవాళ ఏమీ రాయను.

25 సెప్టెంబర్, ఆదివారం

చౌరస్తాలో వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి, పెద్ద గంజుల్లో అన్నం, పప్పుచారు, వంకాయ కూర. మేం నలుగురం, సమ్మవ్వ, బాబా మియా, ఆయన భార్య మహమూదా బేగం, అందరం నడి రోడ్డు మీదే బంతిలో కూర్చున్నాం. పిల్లలకు దీన్ని మించిన షికారు ఉంటుందా? తారు మీద చాక్‌పీసుతో గీతలు గీసి స్రవంతి తొక్కుడుబిళ్ల ఆడింది. నేను పరాయి వాళ్ల చెప్పులు జతలు మార్చి పెట్టాను, ఒకటి కుడి, ఒకటి ఎడమ, కానీ వేర్వేరు సైజులు. మన దగ్గర ఎవరి కళ ఎక్కడ ఉంటుందో చెప్పలేం.

అప్పుడు జరిగింది. మైకులో ఎవరో "జగిత్యాల..." అనగానే జనమంతా "బంద్!" అంటున్నారు. "దుకాణాలు?" "బంద్!" "దఫ్తర్లు?" "బంద్!" నా భుజాల మీద కూర్చున్న అంజిగాడు నా జుట్టు రెండు పిడికిళ్లతో పట్టుకొని, స్పష్టంగా, గంట కొట్టినట్టు అన్నాడు:

"బంద్!"

నేను వంగిపోయాను. సత్యవ్వ చేతిలోని విస్తరి జారింది.

"ఏమన్నడు? మల్లను బిడ్డా, మల్లను!"

"బంద్!"

బాబా మియా వాణ్ణి ఎత్తుకొని గిరగిరా తిప్పాడు. "అరె వా! అవ్వ అనలే, అయ్య అనలే, సీదా ఉద్యమంల దిగిండు బేటా!"

సాయంత్రానికి వాడు స్నానం బంద్ చేశాడు, పాలు బంద్ చేశాడు, సమ్మవ్వ ముద్దు పెట్టబోతే ఆమెను కూడా బంద్ చేశాడు. అందరం నవ్వాం. సత్యవ్వ కూడా నవ్వింది. పక్క పరుస్తూ మాత్రం, "ఒక్క మాటతోని ఏమైతదయ్యా, ఎంటికలు పోవాలె, మా తమ్ముడు రావాలె" అంది.

27 సెప్టెంబర్, మంగళవారం. పెత్రమాస

ఇవాళ పెద్దలకు పెట్టే రోజు. సత్యవ్వ తలస్నానం చేసి, వాళ్ల బాపు పేరు మీద అన్నం, గారెలు, కోడికూర ఆకులో పెట్టి సమ్మవ్వ ఇంటి రేకుల మీద ఉంచింది. కాకి కోసం చేతులు జోడించి నిలబడింది. వచ్చింది. తిన్నది. సత్యవ్వ కళ్లు తుడుచుకుంది. నేను లోపలికి వచ్చి కూర్చున్నాను. కాకి తినేటప్పుడు నేను చూడను.

రాస్తాను. ఎవరు చదువుతారు?

మామ పోయి ఐదేళ్లు. మూడో రోజు కోరుట్ల వాగు ఒడ్డున పిట్టకు పెట్టాం. పిట్ట ముడితే పోయిన మనిషికి తృప్తి. ముట్టకపోతే ఏదో ఆశ మిగిలిపోయినట్టు. విస్తరి పెట్టి గంటన్నర అయింది. కాకులు తుమ్మచెట్టు మీదే కూర్చున్నాయి, ఒక్కటీ దిగదు. ఎండ. అందరికీ ఆకలి. ఎవరెవరో ఏవేవో మొక్కారు. అప్పుడు నేను బుచ్చన్న చెవిలో కాదు, అందరూ వినేటట్టు అన్నాను: "బామ్మర్దీ, మామకు ఒకటే ఆశ. అల్లుని మాట నువ్వు ఇనాలని. 'మా బావ మాట దాటను' అని మూడుసార్లు అను, పిట్ట ఎందుకు రాదో చూస్త."

వాడు ఏడుస్తూ, చేతులు జోడించి, తండ్రి విస్తరి ముందు మోకాళ్ల మీద కూర్చొని అన్నాడు. మూడోసారి నోట్లో ఉండగానే కాకి దిగింది.

ఎందుకు దిగిందంటే, నా చేతిలో కార్జం ముక్క ఉంది కాబట్టి. పొద్దున కటిక దుకాణంలో పిడికెడు మేక కార్జం అడిగి, మోదుగాకులో చుట్టి, లుంగీ మడతలో పెట్టుకుని వచ్చాను. వాడు మూడోసారి అంటుండగా విస్తరి పక్కకు విసిరాను. పచ్చి కార్జం, ఎర్రగా, తడిగా మెరిసింది. కాకి ఆగుతుందా? ఇంత గొప్ప పరాచికం నా జన్మలో మళ్లీ చేయలేదు.

ఏడాది తర్వాత ఒక పెళ్లిలో, కల్లు తాగుతూ, నలుగురు దోస్తులకు ఇది చెప్పాను. అందరూ పడీ పడీ నవ్వారు. శామియానా వెనక బుచ్చన్న నిలబడి ఉన్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ఒకటే అడిగాడు.

"అంటే మా బాపు రాలేదా?"

నేను నవ్వు ఆపలేకపోయాను. వాడు వెళ్లిపోయాడు. అంతే. నాలుగేళ్లు.

మామ నా పరాచికాలకు ఎప్పుడూ నవ్వేవాడు కాదు. తల ఒక పక్కకు వంచి చూసేవాడు, ఆ చూపంతే.

ఇంకొకటి కూడా రాయాలి. బుచ్చన్న ఫోన్ చేయలేదు. మొన్నా చేయలేదు, ఆ బుధవారమూ చేయలేదు. నా దగ్గర వాని నంబరే లేదు. సిరిసిల్లలో ఆ రోజు సత్యవ్వ అంజిగాని అంగీ బొత్తాం కుడుతూ, "మా తమ్ముడుంటే..." అని ఆగిపోయింది. ఆ ఆగడం భరించలేక అన్నాను, ఫోన్ చేశాడని. బస్సులు ఆగిపోయి నన్ను కాపాడాయి. తెలంగాణ కోసం అందరూ సమ్మె చేస్తున్నారు. నా కోసం కూడా చేస్తున్నారని వాళ్లకు తెలియదు.

1 అక్టోబర్, శనివారం

పొద్దున్నే పిల్లలిద్దరితో తంగేడు పూలకు పోయాం. ఊరి బయట గుట్ట కింద పసుపే పసుపు. గునుగు కోస్తే చేతులు దురద. సీతాఫలాలు కన్ను విప్పాయి. అంజిగాడు ఒక గింజ మింగాడు. కడుపులో చెట్టు మొలుస్తుందని నేనంటే స్రవంతి మధ్యాహ్నం దాకా వాని చెవుల్లో ఆకులున్నాయేమోనని చూసింది.

బస్తా నిండా పూలు తెచ్చాం. ఆడవాళ్లు బతుకమ్మ పేర్చారు. ఈసారి బతుకమ్మ ఆట రోడ్డు మీదే. పూలు చూసి సత్యవ్వ, "ఇన్ని పువ్వులు తెచ్చినవ్, ఒక్క మనిషిని తేలేకపోయినవ్" అంది. నవ్వుతూనే అంది.

కరెంటు పొద్దంతా లేదు. రేకులు కాలుతున్నాయి. అంజిగాని నెత్తి చెమటకు పుండ్లు పడుతోంది. రోజూ దువ్వుతుంటే ఏడుస్తాడు. కత్తెర పెట్టడానికి వీల్లేదు.

6 అక్టోబర్, గురువారం. దసరా

జమ్మి చెట్టు దగ్గరికి పోయి ఆకు తెచ్చుకున్నాం. చిన్నవాళ్లు పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కారు. బాబా మియా కూడా వచ్చి నాకు అలాయ్ బలాయ్ ఇచ్చాడు. సత్యవ్వ ఒక జమ్మి రెమ్మ కొంగుకు ముడివేసుకుంది. ఎవరికని అడగలేదు.

8 అక్టోబర్, శనివారం

ఆటోలు నడుస్తున్నాయి. నా పాపం పండింది.

"కోరుట్లకు ఆటోలు పోతున్నయట గద," అంది సత్యవ్వ. "తమ్మునికి జెర ఫోన్ కలుపు, నేను మాట్లాడుత."

"వాని ఫోన్ ఖరాబైంది."

"ఎప్పుడు?"

"నిన్న. నీళ్లల్ల పడ్డది."

"ఖరాబైందని నీకెట్ల చెప్పిండు?"

నేను బీడీ కోసం జేబులు వెతుక్కున్నాను. బయటకొచ్చి బాబా మియాను పట్టుకున్నాను. కోరుట్లలో బుచ్చన్నను చూశానని, జ్వరంతో ఉన్నాడని సత్యవ్వకు చెప్పమన్నాను. ఆయన ఆటో అద్దం తుడవడం ఆపాడు.

"కొమురన్నా, నీ మజాక్ ఏదున్నా నవ్విన. చెప్పులు మార్చినవ్, నవ్విన. ఇది నా నోట్లెకెల్లి రాదు. ఆ బిడ్డ నన్ను అన్నా అంటది."

"మరి ఏం జెయ్యాలె నేను?"

"పో. పోయి అడుగు. ఎంత దూరం? పాతిక కిలోమీటర్లు."

పాతిక కిలోమీటర్లు. సిరిసిల్ల పోదామంటే సత్యవ్వ పోనివ్వదు. కొండగట్టు పోదామంటే మేనమామ లేడు. కోరుట్ల పోదామంటే మొహం లేదు. ఒకటిన్నర గది. నీలిరంగు మగ్గు. తొమ్మిది రోజులు.

10 అక్టోబర్, సోమవారం

పోయాను.

బాబా మియా పెద్ద సైకిలు. వెనక క్యారేజీ మీద స్రవంతి, ముందు రాడ్డు మీద తువ్వాలు మడతపెట్టి అంజిగాడు. సత్యవ్వకు రోడ్డు మీద తిప్పుకొస్తానని చెప్పాను. ఇదొక్కటే ఈ నెలలో నేను చెప్పిన నిజం.

పిల్లలకు పండుగే. చల్‌గల్ దాటాక చెరువులో కొంగలు లెక్కపెట్టారు. మేడిపల్లిలో బోరింగు కింద తలలు తడుపుకున్నాం. ఒక మక్క చేను దగ్గర ముసలాయన పిలిచి కాల్చిన కంకులిచ్చాడు. జడ చూసి అంజిగాణ్ణి "ఆడివిల్ల మస్తుగున్నది" అన్నాడు. "బంద్!" అన్నాడు వీడు. ఎత్తు వస్తే దిగి నడిచాం, పల్లం వస్తే ముగ్గురం అరుస్తూ జారాం. ఎవరైనా చూస్తే సర్కస్ వాళ్లమనుకునేవారు. కోరుట్ల రెండు కిలోమీటర్లుందనగా వెనక చక్రంలో గాలి పోయింది. ఊళ్లోకి నడిపించుకుంటూ పోయాను. నాలుగు చోట్ల పంచర్ దుకాణం ఎక్కడని అడిగితే నలుగురూ ఒకటే చూపించారు.

దుకాణం ముందు సైకిళ్లు బారులు తీరి ఉన్నాయి. బస్సులు లేవు కాబట్టి కోరుట్ల అంతా సైకిలెక్కింది. బుచ్చన్న తల వంచుకొని ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్నాడు. జుట్టు నెరిసింది.

"పెట్టిపో. గంట పడతది," అన్నాడు తలెత్తకుండానే.

"గంట ఆగుత," అన్నాను.

గొంతు గుర్తుపట్టాడు. ట్యూబు నీళ్లలోనే వదిలేశాడు. తలెత్తి నన్ను చూడలేదు. స్రవంతిని చూశాడు. తర్వాత అంజిగాణ్ణి చూశాడు, వాని జుట్టును, చాలాసేపు.

"అక్క కొడుకా?"

"ఊ."

చేతులు గుడ్డకు తుడుచుకొని వాణ్ణి ఎత్తి ఒక సైకిలు సీటు మీద కూర్చోబెట్టాడు. వాని భుజాల మీద అరచేయి పరిచి ఆ భుజం నుంచి ఈ భుజానికి ఒకసారి, మెడ నుంచి నడుం దాకా ఒకసారి నిమిరాడు. అంజిగాడు పంపు చూసి "బంద్" అన్నాడు. బుచ్చన్న పెదవి కదిలింది. పిల్లలకు పక్క హోటల్లో మిర్చి బజ్జీలు చెప్పి పంపాడు. మేం ఇద్దరమే మిగిలాం.

నేను చెప్పవలసింది చెప్పాను. పుట్టెంట్రుకలు, పదిహేనో తేదీ శనివారం, కొండగట్టు. దాటితే రెండేళ్లు. అక్క ఎదురు చూస్తోంది. నువ్వు వస్తానన్నావని నేనే చెప్పాను.

వాడు నా సైకిలు తిరగేసి టైరు ఊడదీస్తూ అన్నాడు. "గా ముచ్చట ఇడిసిపెట్టు. ఒకటి చెప్పు. ఆ దినం కార్జం పెట్టినవా, లేదా?"

"పెట్టలే."

"మరి పెండ్లిల చెప్పింది?"

"గది అబద్ధం."

"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా? నిన్ను ఏ దిక్కునుంచి నమ్మాలె బావా?"

వాడు ట్యూబుకు అతుకు వేశాడు, సుత్తితో రెండు దెబ్బలు కొట్టాడు, టైరెక్కించాడు, గాలి కొట్టాడు. సైకిలు నా ముందు నిలబెట్టి, "పొద్దుగూకకముందు పో. పిల్లలున్నరు," అన్నాడు.

వస్తానని అనలేదు. రానని అనలేదు.

కార్జం పెట్టలేదని అబద్ధం చెప్పాను. పక్కవాని మేలు కోరి అబద్ధమాడటం నా జన్మలో ఇదే మొదలు. అందుకే అతకలేదు.

11 అక్టోబర్, మంగళవారం

స్రవంతి అంతా చెప్పేసింది. బజ్జీలతో సహా. మామ మనం వస్తున్నామని తెలియనట్టు చూశాడని కూడా.

సత్యవ్వ నా ముందు కూర్చుంది.

"వాడు ఫోన్ జెయ్యలే గద?"

"చెయ్యలే."

"ఒక్కసారి కూడ?"

"ఒక్కసారి కూడ."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. కొంగు ముడి విప్పి ఎండిన జమ్మి రెమ్మ తీసి నా చేతిలో పెట్టింది. "ఇది కూడ నువ్వే ఉంచుకో," అని లేచిపోయింది.

సమ్మవ్వ బీడీ చుడుతూ తల ఎత్తలేదు. "అల్లుడా, మగ్గు గోలెం మీద బోర్లించినవా?" అంది. ఇంట్లో నాతో మాట్లాడేది ఆ మగ్గు ఒక్కటే.

13 అక్టోబర్, గురువారం

సత్యవ్వ మాట బంద్.

15 అక్టోబర్, శనివారం

మేనమామ లేకపోయినా పోదాం అంది సత్యవ్వ. నాతో కాదు, సమ్మవ్వతో అంది. సమ్మవ్వే ఆ కత్తెర పెడుతుందట. చెప్పింది గానీ, అంజిగాని జుట్టుకు చివరిసారి నూనె రాస్తుంటే సత్యవ్వ చేతులు ఆగి ఆగి కదిలాయి. బాబా మియా ఆటో కడిగి, ముందు అద్దానికి బంతిపూల దండ వేశాడు.

ఎక్కబోతుంటే వీధి మొదట్లో సైకిలు గంట.

బుచ్చన్న. చొక్కా అంతా చెమట. హ్యాండిలుకు ఒక సంచి. దిగి సైకిలు గోడకు ఆనించాడు. అక్కాతమ్ముళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. సత్యవ్వ చెంపల మీద నీళ్లు కారుతుంటే, "ఇంత చిక్కిపోయినవేందిరా?" అంది. "నువ్వు దొడ్డుగైనవ్ గద, సమానం," అన్నాడు వాడు.

నేను ఏదో అనబోయాను. వాడు చేయి ఎత్తి ఆపాడు.

"నీ కోసం రాలే. నువ్వు మాట్లాడకు, నేను చెప్తా ఇను. బావ మాట దాటనని మా బాపు ఇస్తరి ముంగట మూడుసార్లు అన్న. పిట్ట నిజమైతే గా మాట నిజం. నువ్వు రమ్మన్నవ్, నేను రావాలె. నేను రాకుంటే, పిట్ట అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టు." హ్యాండిలుకున్న సంచి తీసి భుజానికి వేసుకున్నాడు. "నేనొచ్చిన. ఇగ పిట్ట నిజం. కార్జం గీర్జం మల్ల నా ముంగట ఎత్తకు."

ఎత్తనన్నాను.

కొండగట్టు మీద కోతులు. ఒకటి స్రవంతి చేతిలోంచి అరటిపండు లాక్కొని, దానికి వీపు చూపించి తిన్నది. స్రవంతి కూడా దానికి వీపు చూపించింది. కళ్యాణకట్ట దగ్గర బుచ్చన్న కాళ్లు మడిచి కూర్చొని అంజిగాణ్ణి ఒళ్లో పెట్టుకున్నాడు. కత్తెర రెండుసార్లు దించి మళ్లీ ఎత్తాడు. సైకిలు చువ్వలు సరిచేసే చేయి అది. మొదటి కుచ్చు తెగి సత్యవ్వ కొంగులో పడింది. మంగలి కత్తి నెత్తికి తగలగానే అంజిగాడు కొండంతా వినిపించేలా అరిచాడు.

"బంద్! బంద్! బంద్!"

చుట్టూ ఉన్న వాళ్లంతా నవ్వారు. సత్యవ్వ నవ్వింది. నవ్వుతూ పొరపాటున నా వైపు చూసింది. చూపు తిప్పుకోలేదు.

గుండు మీద గంధం పూసి, సంచిలోంచి కొత్త బట్టలు తీసి తొడిగాడు బుచ్చన్న. అంగీ కుట్టు సరిగ్గా భుజాల మీద కూర్చుంది. సోమవారం దుకాణంలో వాని వీపు నిమిరినట్టే నిమిరి, అరచేత్తో కొలుచుకున్నాడన్నమాట.

జేబులో ఉన్న జమ్మి రెమ్మ సత్యవ్వకు తిరిగి ఇచ్చాను. తీసుకొని తమ్ముని చేతిలో పెట్టింది.

16 అక్టోబర్, ఆదివారం

బుచ్చన్న పొద్దున్నే కోరుట్ల వెళ్లాడు. స్రవంతి చిన్న సైకిలు మీద చౌరస్తా దాకా వానితో పోటీ పడింది. అంజిగాడు గుండు తడుముకుంటూ, జుట్టు ఎక్కడికి పోయిందో గోడ వెనక వెతుకుతున్నాడు. మగ్గు గోలెం మీద ఉంది. సత్యవ్వ టీ ఇచ్చింది, మాట లేకుండానే, కానీ చక్కెర వేసి ఇచ్చింది.

నోటుబుక్కులో నా పేజీలు అయిపోవచ్చాయి. తర్వాతి పేజీ స్రవంతి గుణకారాలు.

27వ తేదీన రాసిన కార్జం ముక్క అబద్ధం.

10వ తేదీన, దుకాణంలో, బుచ్చన్నకు చెప్పిందే నిజం. నిజం చెప్పి, అబద్ధం చెప్పానని రాసుకున్నాను. ఆ పొద్దున కటిక దుకాణం తీయనే లేదు. మోదుగాకు లేదు. లుంగీ మడత అని రాశాను; ఆ రోజు అల్లుణ్ణని నాకు తెల్ల ధోతి కట్టించారు. నేను ఏమీ విసరలేదు. ఆకలేసి, విసుగొచ్చి, ఏడుస్తున్నవాణ్ణి ఆటపట్టించాను, అంతే. వాడు మూడోసారి అంటుండగా పిట్ట దిగింది. ముందు విస్తరి దగ్గరికి పోలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడి, తల ఒక పక్కకు వంచి చూసింది. తర్వాత పోయి తిన్నది.

నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఎవరూ చూడలేదు, అందరూ దండాలు పెడుతున్నారు. ఏడాది పాటు కాకి కనిపిస్తే పక్క సందులోంచి పోయాను. భయపడ్డానని చెప్పలేక ఆ పెళ్లిలో కార్జం పుట్టించాను. చెప్పగా చెప్పగా దాని ఎరుపు, తడి నాకే గుర్తుకు రాసాగాయి. ఈ పుస్తకానికి కూడా అదే చెప్పాను.

నా రొండిన బీడీ కట్ట తప్ప ఏమీ లేదు. పిట్ట దానంతట అదే వచ్చింది.